విరగడానికి అతికిన బండి

రిటైరైన మనిషి కూర్చోవాలని ఎవరు రూలు పెట్టారో నాకు తెలియదు. బస్సులకు బాడీలు కట్టే సర్కారు వర్క్‌షాపులో వెల్డరుగా చేరాను, వెల్డరుగానే బయటికి వచ్చాను. ఆఖరి రోజున దండ వేసి, శాలువా కప్పి, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోమన్నారు. ఇంటికొచ్చాక తెలిసింది, విశ్రాంతి కూడా ఒక పనేనని, అది నాకు చేతకాదని. పొద్దున్న లేస్తే చాలు, కాళ్ళు బయటికి లాగుతాయి. ఎస్.ఆర్. నగర్‌లో మా ఇంటి నుంచి అమీర్‌పేట సందులు పట్టుకుని పంజాగుట్ట దాకా నడవడం, అక్కడొక చాయ్ తాగడం, మళ్ళీ వెనక్కి రావడం. మా ఆవిడ నాకు కాలుగాలిన పిల్లి అని పేరు పెట్టి, చుట్టాల ముందు కూడా ఆ పేరుతోనే పిలుస్తోంది.

ఇది రాస్తున్నది ఫోనులో వీడియోలు చూసి బండ్లకు సొంతంగా పనులు చేసుకునే కుర్రవాళ్ళ కోసం. మీరంటే నాకు కోపం లేదు. మేం ఉస్తాద్ తిట్లు తిని నేర్చుకున్న పనిని మీరు తిట్లు లేకుండా నేర్చుకుంటున్నారు. కొంచెం అసూయ ఉందేమో, ఉంటే ఉండనీ. ఒక బండి సంగతి మాత్రం మీ చెవిన వేయకపోతే నాకు మనసు నిలవదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు జరిగినవన్నీ ఒక ఎత్తు, ఉద్యోగం అయిపోయాక జరిగిన ఈ ఒక్క సంగతి ఒక ఎత్తు. అది నన్ను అప్పుడూ కూర్చోనివ్వలేదు, ఇప్పుడూ కూర్చోనివ్వడం లేదు.

నిరుడు ఎండలు మొదలయ్యే రోజులు. అమీర్‌పేటలో రెండు హాస్టళ్ళ మధ్య ఇరుక్కుపోయిన ఒక పాత ఇంటి ముందు నుంచి నడుస్తున్నాను. లోపలి నుంచి వెల్డింగ్ చప్పుడు వినబడింది. మాకు వర్క్‌షాపులో ఆఖరి ఏళ్ళలో గ్యాసుతో నడిచే వైర్ వెల్డింగ్ మెషిన్లు వచ్చాయి. అవి సరిగ్గా నడిస్తే నూనెలో మిరపకాయ బజ్జీలు వేసినట్టు ఒకే తీరుగా చిటపటలాడతాయి. ఇక్కడ మాత్రం మెషిన్ దగ్గుతోంది. పోనీలే అని రెండడుగులు వేశాను గానీ మూడో అడుగు పడలేదు. గేటు పట్టుకుని, వైరు స్పీడు ఎక్కువైంది, తగ్గించమని అరిచాను.

చప్పుడు ఆగింది. పోర్టికోలో ఒక బూడిద రంగు కారు స్టాండ్ల మీద లేచి ఉంది. దాని పక్కన కూర్చున్న మనిషి ముఖానికున్న హెల్మెట్ పైకెత్తింది. ఆడమనిషి. ముప్పై అయిదు దాటి ఉంటాయి.

"ఎవరండీ మీరు?" అంది.

ఎవరినని చెప్పాలి? వెల్డర్‌ని అన్నాను. ఆమె ఒక క్షణం చూసి, వైరు స్పీడు తగ్గించి, మళ్ళీ ఒక గీత వేసింది. చిటపట సరిగ్గా వచ్చింది. అప్పుడు లేచి వచ్చి గేటు తీసింది.

ఆమెది గోదావరి జిల్లా. అమీర్‌పేటలోనే ఒక కోచింగ్ సెంటరులో పిల్లలకు సాఫ్ట్‌వేర్ పాఠాలు చెబుతుంది. ఇంట్లో ఆమె, వాళ్ళమ్మ, ఇద్దరే. పొద్దంతా హాలు నిండా కూర్చున్న పిల్లల ముందు గొంతు చించుకుని, సాయంత్రం ఇంటికొచ్చి కారు కింద దూరేది. ఆ కారు మామూలు కారు కాదు. బయటి దేశం కంపెనీది, సెకండ్ హ్యాండులో కొన్నది. ఇంజన్ బలం ముందే ఎక్కువ, ఈమె ల్యాప్‌టాప్ తగిలించి దాన్ని ఇంకా పెంచింది. ఆదివారాలు ఔటర్ రింగు రోడ్డు మీద తిరగడం, అప్పుడప్పుడూ చెన్నై దగ్గర రేసు ట్రాకుకు వెళ్ళి రావడం ఆమె సరదా. వాళ్ళమ్మ ఆ సరదాను తిట్టని పూట లేదు. అయినా గుడికి వెళ్ళాలంటే అదే కారు ఎక్కేది.

బండికి వచ్చిన జబ్బు ఏమిటంటే, మలుపు తిప్పినప్పుడు నడుము దగ్గర కిర్రుమంటోంది. ఒక చక్రం స్పీడు బ్రేకరు మీద ఉంటే వెనక తలుపు బిగుసుకుంటోంది. ఇంజన్ బలానికి బాడీ మెలి తిరుగుతోందని ఆమె లెక్క. అందుకని ముందు, వెనక చక్రాల బరువు మోసేచోట అదనంగా ప్లేట్లు అతికి గట్టి చేయాలని నిర్ణయించుకుంది. గ్యారేజీలకు వెళితే ఒకచోట ఇలాంటివి మేం చెయ్యం అన్నారట, ఇంకోచోట, మీవారిని తీసుకురండి మాట్లాడదాం అన్నారట. ఆ రెండో మాటకు మండి, మెషిన్ కొని, ప్లేట్లు కోయించుకుని, ఇంట్లోనే మొదలుపెట్టింది.

నాకు అడగకుండానే పని దొరికింది. మరునాటి నుంచి సాయంత్రం అయ్యేసరికి ఆ గేటు దగ్గర ఉండేవాణ్ణి. ఆమె బాబాయ్ గారూ అని పిలిచేది. నేను మేడం అనేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఆమె పని బాగుండేది. బ్యాటరీ తీసి పక్కన పెట్టడం, సీట్లు, మ్యాట్లు పీకేయడం, పెట్రోలు ట్యాంకు వైపు తడి గోనె కప్పడం, అన్నీ నేను చెప్పకముందే చేసి ఉంచేది. నేనేమో బస్సు చెయ్యి. బస్సుకు కింద లావుపాటి ఛాసిస్ విడిగా ఉంటుంది, ఎంత పొడుగు వెల్డింగ్ వేస్తే అంత గట్టి అని మా నమ్మకం. కారుకు ఒళ్ళే ఛాసిస్, రేకు పల్చన. నేను అలవాటుగా పొడుగ్గా లాగబోతే ఆమె నా మోచెయ్యి పట్టుకుని ఆపేది. కొంచెం వేసి, చల్లారనిచ్చి, ఇంకోచోట కొంచెం వేయాలట. రేకు వంకర పోకుండా అదీ పద్ధతి. ఈ వయసులో మళ్ళీ ఒకరి చేత ఆగమనిపించుకోవడం మొదట కష్టంగా ఉండి, తర్వాత బాగానే అనిపించింది.

ముందు వైపు అయింది. వెనక వైపు అయింది. రెండూ రాయిలా తయారయ్యాయి. ఆదివారం చెన్నై ట్రాకు మీద బండిని పరీక్షించుకుంటానని ఆమె పేరు కూడా ఇచ్చేసింది. మిగిలింది నడుము. అక్కడ కూడా రెండు ప్లేట్లు వేద్దామని, ముందు సీట్ల వెనక నేల మీదున్న నల్ల పూతను గీకింది. పూత కింద లప్పం. కారు లోపలి నేలకు లప్పం ఎందుకు పూస్తారో ఇద్దరికీ అర్థం కాలేదు. అదీ గీకింది. కింద ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా అడ్డంగా ఒక వెల్డింగ్ గీత బయటపడింది.

కంపెనీ నుంచి వచ్చిన బండికి అలాంటి గీత ఉండదు. ఎవరో ఈ బండిని నడుము దగ్గర కోసి మళ్ళీ అతికారు. ఆమె అంత కంగారు పడలేదు. ఎప్పుడో యాక్సిడెంట్ అయి ఉంటుంది, దీని మీదనే ప్లేటు వేస్తే సరిపోతుంది కదా బాబాయ్ గారూ అంది. నా నాలుక చివర కూడా అదే మాట ఉంది. మా వర్క్‌షాపులో పగిలిన దేన్నీ పారేసేవాళ్ళం కాదు, పైన ఇంకో ముక్క వేసి అతికేవాళ్ళం. సరే అందామని టార్చిలైటు వేసి వంగి చూశాను. చూసి, అనలేకపోయాను.

ప్రతి వెల్డరుకు ఒక దస్తూరి ఉంటుంది. కరిగిన ఇనుము చల్లారినప్పుడు పడే చిన్న చిన్న అలలు చూస్తే చెయ్యి ఎటు నుంచి ఎటు నడిచిందో తెలుస్తుంది. మా షెడ్డులో ఎవరూ సంతకాలు పెట్టకపోయినా ఏ బస్సు ఎవరు అతికారో చూడగానే చెప్పేవాళ్ళం. ఈ గీతలో అలలు ఎడమచేతివి. చివర్న ఆగిన చోట గుంట పడకుండా, కొంచెం వెనక్కి వచ్చి కొక్కెంలా తిప్పి వదిలిన చుక్క. నా ఉద్యోగమంతా ఆ చుక్క పక్కనే గడిచింది. అది మా అన్న చెయ్యి.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. వర్క్‌షాపులో ఇద్దరిద్దరిని జోడీగా వేసేవాళ్ళు. ఒకడు ముక్కల్ని కుదిర్చి పట్టుకుంటే ఇంకొకడు అతకాలి. నేను చేరిన రోజున ఆయనకు జోడీగా పడ్డాను, ఆయన రిటైరయ్యే దాకా జోడీ మారలేదు. నేనెంత నిలకడ లేనివాణ్ణో ఆయన అంత నెమ్మది. ఆయన నడవగా చూశాను గానీ పరుగెత్తగా చూడలేదు. నేను తొందరపడి వేసిన అతుకును ఒక్క మాట అనకుండా కోసేసి, మళ్ళీ వేయించేవాడు. బస్సు దొర్లి వచ్చినా అన్న వేసిన అతుకు మాత్రం విడిపోయేది కాదు. మా ఫోర్‌మన్ కొత్తవాళ్ళను తీసుకొచ్చి ఆయన పని చూపించేవాడు.

అలాంటి చెయ్యి వేసిన గీతను సుత్తితో తట్టాను. బోలు చప్పుడు వచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది, పట్టు లేదు. ఇనుము పైపైన కూర్చుంది గానీ లోపలికి దిగలేదు. చేతకాక అలా వేశాడని నేను చచ్చినా నమ్మను. అంటే తెలిసే వేశాడు. రిటైరయ్యాక చేతినిండా పని లేక, పాత కార్లు అటుదీ ఇటుదీ కోసి అతికి అమ్మేవాళ్ళ దగ్గర చేరాడా?

గ్యాసు అయిపోయినట్టుంది, ఈ రోజుకు చాలు అన్నాను. గ్యాసు సిలిండరు మీటరు ఆమెకు కనబడుతూనే ఉంది. నావైపు వింతగా చూసింది. వచ్చేటప్పుడు బ్యాటరీకి తగిలించే కేబుల్ ముక్కను నా సంచిలో వేసుకున్నాను. దొంగతనమే. అది లేకపోతే బండి కదలదు, నాకు అంతకంటే ఏమీ తోచలేదు.

మరునాడు నా అవస్థ చెప్పలేను. పంజాగుట్ట వెళ్ళాను, చాయ్ చెప్పి తాగకుండా వచ్చేశాను. మళ్ళీ వెళ్ళాను. మేడం ఫోను చేసింది. బాబాయ్ గారూ, బ్యాటరీ కేబుల్ ఎక్కడైనా చూశారా అని. లేదన్నాను. సరే, కొత్తది కొనుక్కుంటానంది. అమీర్‌పేటలో కొత్త కేబుల్ దొరకడం ఎంతసేపు? ఆమెతో ఉన్నమాట చెబితే, ఎవరు చేశారని అడుగుతుంది, పోలీసుల దాకా వెళుతుంది. చెప్పకపోతే ఆదివారం బండి ఎక్కుతుంది. ఇంట్లో నేను గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గదిలోకి తిరుగుతుంటే మా ఆవిడ తలుపు తీసి, బయట తిరుగు పో అంది.

బయల్దేరి ఎర్రగడ్డ వెళ్ళాను. అన్న ఇల్లు రైతు బజారు వెనక. ఇంట్లో లేడు, బజారు ముందు అరుగు మీద కూరగాయల సంచి పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా జనం తోసుకుంటుంటే ఆయన మాత్రం ఎవరికోసమో తీరిగ్గా ఎదురు చూస్తున్నవాడిలా ఉన్నాడు. నేను కూర్చోలేదు. నిలబడే అడిగాను, బూడిద రంగు కారును నడుముకాడ అతికింది నువ్వేనా అని.

ఆయన నావైపు చూసి, ముందు ఆ మాట పట్టించుకోలేదు. కూర్చో తమ్మీ, కొత్తిమీర అగ్గువకు వచ్చింది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నీ చెయ్యి నేను గుర్తుపట్టనా, గిదేనా మనం నేర్చుకున్నది, మంది పానాలతోని ఆడుకునే పని నీకెందుకని పదిమందిలో అరిచాను. ఆయన మీద గొంతు లేపడం అదే మొదలు. ఆయన ముఖం నల్లబడింది. సంచి పక్కకు జరిపి నాకు చోటు చేశాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"సిన్మావోళ్ళ కోసం చేసిన తమ్మీ. కారు ఉరుకుతుంటే రెండు తునకలు కావాలె అన్నరు. అతుకుడు అందరికి వస్తది, సరిగ్గ ఇరిగేటట్టు చేసుడు నీకు వస్తదా అని అడిగిండు ఒకడు. వస్తది అన్న."

అంతే. దొంగ బండి కాదు, మోసం కాదు. సినిమా కోసం. జీవితమంతా విరగకూడని వాటిని అతికిన మనిషికి ముసలితనంలో మొదటిసారి విరగాల్సిన దాన్ని అతకమన్నారు. ఆయనకు అది ఎంత నచ్చిందో చెబుతుంటే ఆ కళ్ళల్లోనే కనబడింది. నేల కోశాడు, పైకప్పు కోశాడు. తలుపుల కింద పొడుగ్గా ఉండే డబ్బాల్లోపల గట్టికోసం పెట్టే ఇనుప పట్టీలు తీసేశాడు. తీగ కట్టి లాగితే అప్పడంలా విరగాలి, లాగే దాకా మామూలు బండిలా నడవాలి. ఎంత పల్చగా వేయాలో తెలుసుకోవడానికి పాత రేకుల మీద ఎన్నో సార్లు వేసి, విరిచి చూసుకున్నాడట. సినిమా విడుదలైతే వదినను తీసుకుని వెళ్ళాడట. ఆ సీను రాలేదు. చూడకుండా మిస్సయ్యామేమోనని మళ్ళీ వెళ్ళాడట. అప్పుడూ రాలేదు. సీను తీసి, తర్వాత కట్ చేసుంటారు అనుకుని ఊరుకున్నాడు. అసలు తీయనే లేదని, బండిని అలాగే ఎవరికో అమ్మేశారని, దానికి మెరుగు పెట్టి ఇంకెవరో మళ్ళీ అమ్మారని ఆయనకు తట్టలేదు.

"గా బండిల ఇప్పుడు ఎవలు తిరుగుతున్నరు?" అని అడిగాడు.

పిల్లలకు పాఠాలు చెప్పే మేడం అన్నాను. వాళ్ళమ్మ సుత ఎక్కుతది అన్నాను. ముందు, వెనక ప్లేట్లు వేసి గట్టి చేశామని కూడా చెప్పాను, అదేదో మంచి కబురైనట్టు. ఆ మాట విని అన్న లేచాడు. నా కంటే ముందు రోడ్డు దాటి, ఆటో ఆపి ఎక్కి కూర్చున్నాడు. కూరగాయల సంచి అరుగు మీదే ఉండిపోయింది.

మేం వెళ్ళేసరికి ఆమె సీట్లు బిగించబోతోంది. కొత్త కేబుల్ బ్యాటరీ మీద మెరుస్తోంది. వాళ్ళమ్మ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. అన్నను చూపించి, ఈ గీత వేసింది ఈయనే అన్నాను. సినిమా సంగతి చెప్పాను. పాత కేబుల్ సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆమె అది అందుకుని, నా మాటలన్నీ విని, తల అడ్డంగా ఊపింది.

"ఇన్నాళ్ళూ నడిపానండీ. ఔటర్ మీద ఎంత స్పీడులో వెళ్ళానో మీకు తెలీదు. విరిగేదైతే ఎప్పుడో విరగాలి కదా?"

అన్న నేల మీద కూర్చుని, బండి కింద చెయ్యి పెట్టి తడుముతూ చెప్పాడు. "ఇన్నాళ్ళు మొత్తం బండి జర జర ఒంగింది బిడ్డా. అందుకే నడుము బతికింది. మీరు ముందర, ఎనక గట్టిగ చేసిన్రు. ఇగ ఒంగేతందుకు నడుము ఒక్కటే మిగిలింది."

ఇన్ని సాయంత్రాలు మేమిద్దరం కలిసి, చల్లార్చి చల్లార్చి, ఎంతో పద్ధతిగా, ఆ బండి విరిగే రోజును దగ్గరికి తెచ్చాం. ప్లేటు మీద ప్లేటు వేసి మురిసిపోయాం. ఆమె ముఖంలో రంగు మారింది. అయినా మొండి మనిషి, కళ్ళతో చూడనిదే ఒప్పుకోదు. చూపించండి అంది.

అన్న తొందరపడలేదు. బండి నడుము కింద చెక్క దిమ్మలు పేర్చాడు. వాళ్ళమ్మను మెట్ల మీంచి లేపి గుమ్మంలోకి పంపాడు. తలుపుల కింద రెండు వైపులా లప్పం గీకితే రెండు చిన్న పట్టీలు బయటపడ్డాయి. అతుకుతో పాటు ముందు సగాన్ని, వెనక సగాన్ని పట్టుకుని ఉన్నవి అవే. సినిమాలో తీగ కట్టాల్సింది వాటికే. గ్రైండరుతో రెండూ కోశాడు. మామూలుగా టైరు మార్చడానికి వాడే స్క్రూ జాకీని అడ్డంగా పడుకోబెట్టి, గీతకు అటూ ఇటూ ఆనించి, ఎడమచేత్తో తిప్పడం మొదలుపెట్టాడు.

చాలాసేపు పడుతుందనుకున్నాను. పట్టలేదు. నాలుగు తిప్పులు తిప్పాడో లేదో, లోపల టప్‌మని ఒక చప్పుడు, వెంటనే గీత పొడుగునా చీర చిరిగినట్టు ఇంకో చప్పుడు. పైకప్పు మీద రంగు పెచ్చు లేచి, లప్పం పొడి రాలింది. బండి దిమ్మల మీదికి దిగి ఆగిపోయింది. ముందు సీటు ఉండాల్సిన చోటుకు వెనక, నేలలో బెత్తెడు సందు. సందులోంచి పోర్టికో గచ్చు కనబడుతోంది. అంచులు కత్తితో కోసినట్టు తిన్నగా ఉన్నాయి.

చెప్పకూడదు గానీ చెబుతున్నాను. ఆ క్షణంలో అన్న ముఖం వెలిగింది. తను అనుకున్నచోట, అనుకున్నట్టు, ఒక్క నూలు పక్కకు పోకుండా విరిగింది. పనివాడికి అది ఆగదు. నాకూ ఆగలేదు, శభాష్ అనబోయాను.

అప్పుడు వాళ్ళమ్మ గుమ్మంలోంచి వచ్చి సందులోకి వంగి చూసింది. "అన్నవరం వెళ్ళినప్పుడు నా కాళ్ళు ఇక్కడే పెట్టుకున్నానే" అంది కూతురితో. కోపం లేదు, భయం కూడా లేదు, ఏదో గుర్తొచ్చి అన్నట్టు అంది.

అన్న జాకీ వదిలేశాడు. వెళ్ళి మెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, వాటినే చూసుకుంటూ ఉండిపోయాడు. నేను ఆయన్ను అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు. మేడం ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె ఆ అంచు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసింది.

"ఎంత బాగా చేశారండీ" అంది. మెచ్చుకోలు కాదు అది, తిట్టూ కాదు.

"మంచిగనే చేసిన బిడ్డా" అన్నాడు అన్న తల ఎత్తకుండా. "చేసినంక ఏడికి పోయిందని అడగలే."

వాళ్ళమ్మ మా ఇద్దరికీ మంచినీళ్ళు ఇచ్చింది. మేడం ఫోను తీసి చెన్నైవాళ్ళకు రావడం లేదని చెప్పింది. చెబుతూ చెబుతూనే లోపలికి వెళ్ళిపోయింది. మేం గేటు వేసి బయటికి వచ్చాం. ఆమె తర్వాత ఆ బండిని పాత ఇనుముకు వేసింది. తనే దగ్గరుండి ముక్కలు చేయించింది, మళ్ళీ ఎవరూ అతకకుండా. తనకు అమ్మినవాడి కోసం వెళితే అక్కడ ఆ షాపు లేదు, మొబైల్ ఫోన్ల కొట్టు ఉందట. అన్న దగ్గరున్న సినిమా మనిషి నంబరు పనిచేయడం లేదు. వాళ్ళిద్దరూ పోలీసులకు ఫిర్యాదు రాసి ఇచ్చారు. రాసుకున్నవాళ్ళు రాసుకున్నారు.

ఇక్కడితో అయిపోతే నేను ఇదంతా రాసేవాణ్ణి కాదు. ప్రాణం దక్కింది కదా అని నిద్రపోయేవాణ్ణి.

ఆ రోజు గేటు దాటాక ఆటో ఎక్కుదామంటే అన్న వద్దన్నాడు. నడుద్దాం అన్నాడు. ఆయన నోట ఆ మాట వింతగా అనిపించింది. ఎర్రగడ్డ ఒకవైపు ఉంటే ఆయన పంజాగుట్ట వైపు నడుస్తున్నాడు. నేనూ వెంట నడిచాను. పంజాగుట్ట చౌరస్తా దగ్గర రెడ్ లైట్ పడి బండ్లన్నీ ఆగాయి. ఆయన ఆగి, ఆ బండ్లను ఒక్కొక్కటిగా చూడడం మొదలుపెట్టాడు. ఏమైందన్నా అని అడిగాను.

"ఇంకోటి ఉన్నది తమ్మీ."

సినిమావాళ్ళు ఎప్పుడూ ఒకదానితో సరిపెట్టుకోరట. మొదటిసారి సరిగ్గా విరగకపోతే మళ్ళీ తీయడానికి ఇంకోటి ఉండాలి. అదే కంపెనీ, అదే రంగు. మొదటిది చేసి చెయ్యి తిరిగింది గదా, రెండోది ఇంకా మంచిగ వచ్చింది అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉందో నాకు రాయడం రాదు.

అందుకే పిల్లలూ, మీకు చెబుతున్నాను. బూడిద రంగు బండి ఉన్నవాళ్ళే కాదు, రంగు మార్చి ఉండొచ్చు, సెకండ్ హ్యాండులో పెద్ద బండి కొన్న ఎవరైనా సరే, ముందు సీట్ల వెనక మ్యాటు ఒకసారి ఎత్తండి. పూత గీకండి. అడ్డంగా గీత కనబడితే ఇంజన్ స్టార్టు చెయ్యకండి. దాని మీద ప్లేటు అస్సలు వెయ్యకండి. కిర్రుమనే బండిని గట్టి చేసే ముందు అది ఎందుకు కిర్రుమంటోందో చూడండి. మేం చూడలేదు.

అన్న ఇప్పుడు రోజూ వస్తాడు. నెమ్మదస్తుడికి నా జబ్బు అంటుకుంది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఇద్దరం చెరో వైపు నిలబడతాం. ట్రాఫిక్ కానిస్టేబుల్ మొదట్లో అనుమానంగా చూసేవాడు, ఇప్పుడు పలకరిస్తున్నాడు. మొన్న ఒక బూడిద రంగు బండి వచ్చి ఆగింది. అదే ఆకారం. అన్న పరుగెత్తాడు, నేను ఆయన్ను పరుగెత్తగా చూడడం అదే మొదటిసారి. వెళ్ళి అద్దం మీద తట్టాడు. లోపల ఒక కుర్రవాడు, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. అన్న వంగి ఏదో చెప్పబోయాడు. కుర్రవాడు అద్దం కొంచెం దించి, ఒక నోటు ఆయన చేతిలో పెట్టి, అద్దం ఎత్తేశాడు. గ్రీన్ లైట్ పడింది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. అన్న నోటు పట్టుకుని రోడ్డు మధ్యలోనే నిలబడి, బండి పోయిన వైపు అరుస్తున్నాడు, మ్యాటు ఎత్తి చూడు బిడ్డా అని.